తల్లిలేని అరటి మొక్కలు

ఆ రోజుల్లో నేను దేనికి భయపడేదాన్నో చెప్పాలంటే చాలాసేపు పడుతుంది, దేనికి భయపడేదాన్ని కాదో చెప్పడం తేలిక. పాములంటే భయం లేదు (పొలం గట్ల మీద పెరిగిన పిల్లకు ఆ సౌకర్యం ఉండదు). మా ఇంటి కప్పును రాసుకుంటాయేమో అన్నంత కిందికి వచ్చి, చక్రాలు దింపుకుంటూ ఎయిర్‌పోర్టు వైపు వెళ్లే విమానాలన్నా భయం లేదు. కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుని తలలు వంచుకుంటుంటే మేం పక్కకు తిరిగి నవ్వుకునేవాళ్లం. నా భయమల్లా కంటికి కనిపించని వాటితోనే. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది.

డిగ్రీలో వృక్షశాస్త్రం చదివిన పుణ్యానికి నాకు బుద్వేల్ దగ్గర ఒక చిన్న టిష్యూ కల్చర్ ల్యాబులో పని దొరికింది. పేరు పెద్దదే గానీ అక్కడ చేసేది గాజు సీసాల్లో అరటి మొక్కలు పెంచడం. బాగా కాసిన అరటి చెట్టు పక్కన మొలిచిన పిలకను తవ్వి తెస్తారు. దాని పొరలన్నీ ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోతే చివరికి వేలి కొసంత తెల్లటి మొగ్గ మిగులుతుంది. దాన్ని కోసి, సీసా అడుగున జున్నులా గడ్డకట్టిన ఆహారం మీద కూర్చోబెడితే కొన్ని వారాల్లో దాని పక్కన ఇంకో మొగ్గ, దాని పక్కన మరొకటి పుట్టుకొస్తాయి. వాటిని విడదీసి వేరే సీసాల్లో పెడితే మళ్లీ అదే వరస. ఆ తర్వాత వేళ్లు తెప్పించి, నీడలో ట్రేలలో కొన్నాళ్లు పెంచి రైతులకు ఇస్తారు. ల్యాబు పెద్దావిడది గోదావరి వైపు. ఆవిడ వెనకాల మేమంతా సబ్బు మేడం అనేవాళ్లం. ముందు చేతులు కడుక్కోమనేది, కడుక్కున్న చేతులు వాసన చూసేది, చూశాక మళ్లీ కడుక్కోమనేది. నేను చేరిన రోజున సీసా మూత తీయబోతూ తుమ్మాను. గదిలో అందరూ నేను ఎవరినో పొడిచినట్టు చూశారు. మేడం మాత్రం చాలా మెల్లగా, "చూడమ్మా, నువ్వు తుమ్మితే నీకు హాయిగా ఉంటుంది. ఆ సీసాలోది మాత్రం బూజు పట్టి చచ్చిపోతుంది. ఎవరి హాయి ముఖ్యమో ఆలోచించుకో" అంది. ఆ రోజు నుంచి నాకు తుమ్మంటే భయం, గోరు కింద మట్టి అంటే భయం, ఎదుటివాడి దగ్గంటే భయం. మెహదీపట్నంలో పెళ్లి భోజనానికి వెళ్లి, వడ్డించేవాడి చేతులు చూసి తినకుండా లేచి వచ్చానంటే నమ్మండి.

మా నాయనమ్మకు ఈ ఉద్యోగం ఒక పట్టాన అర్థం కాలేదు. ఒక సాయంత్రం నన్ను కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టింది.

"సీసలల్ల అరటిశెట్లు పెంచుడేందే? గింజలేస్తరా?"

"అరటికి గింజలెక్కడివి నాయనమ్మా?"

నాయనమ్మ ఆలోచనలో పడింది. జన్మంతా అరటిపండు తిన్న మనిషి, పెరట్లో పిలకలు తవ్వి ఊరంతా పంచిన మనిషి, కానీ ఈ సంగతి ఎప్పుడూ తలకెక్కలేదట. "నిజమే గదనే! మామిడికి టెంక ఉన్నది, సీతాఫలానికి గింజలున్నయి. దీనికెందుకు లెవ్వు?"

అడవి అరటిలో చింతగింజల్లాంటి గట్టి గింజలు ఉంటాయనీ, మనం తినేది మాత్రం ఎప్పుడో రెండు రకాల అడవి అరట్లు కలిసి పుట్టిన జాతి అనీ చెప్పాను. మామూలుగా మొక్కల కణాల్లో వంశలక్షణాలు మోసే పోగులు (క్రోమోజోములు) జతలు జతలుగా ఉంటాయి, మన అరటిలో మాత్రం ఒక్కోటి మూడేసి ఉంటాయి. గింజ కట్టాలంటే ముందు అవి జతపడాలి, తర్వాత సమంగా విడిపోవాలి. దీన్ని నాయనమ్మకు ఎలా చెప్పాలో తెలియక, "మూడు ఎడ్లున్నయి అనుకో నాయనమ్మా. రెండిటిని కాడికి కడితివి. మూడోదాన్ని ఏం చేస్తవ్?" అన్నాను.

"అది ఎటు పోతే అటు పోతది."

"ఇగ దున్నుడు సాగుతదా?"

"ఏడ సాగుతది, ఆగమే!"

"గట్లనే గింజ కూడా కట్టదు. పువ్వు మాత్రం గింజ కోసం ఆగకుండా కాయైపోతది. అందుకే పిలకలతోనే పెంచాలె."

నాయనమ్మకు ఎడ్ల లెక్క బాగానే నచ్చింది గానీ, సీసా లెక్క నచ్చలేదు. "పిలక తల్లి పక్కన పెరగాలె గదనే. మీరు దాన్ని కోసి, ముక్కలు జేసి, సీసల పెడితిరి. తల్లి మొకం సూడని పిల్లలు ఏం బాగుపడ్తయి?" అని బుగ్గ మీద చెయ్యేసుకుంది. నేను నవ్వేసి లేచిపోయాను (అక్కడే ఇంకాసేపు కూర్చోవలసింది).

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనమామ ఒక బేరం పట్టుకొచ్చాడు. మామ ఎయిర్‌పోర్టులో క్యాబు తోలుతాడు. అందుకని ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఏ ఖాళీ జాగా చూసినా ఆయనకు అందులో కార్లు నిలబడి ఉన్నట్టే కనిపిస్తుంది. విమానమెక్కి వెళ్లేవాళ్లు కార్లు వదిలిపెట్టుకునే పార్కింగు కోసం ఎవరో మా పొలం కిరాయికి అడుగుతున్నారట. "బావా, బోరు ఎండుతదన్న బుగులు లేదు, వాన పడదన్న బుగులు లేదు. కంకర పోసి చదును చేస్తరు, నెల కాంగనే కిరాయి" అన్నాడు. మాకు మిగిలింది ఆ రెండెకరాలే. బాపు నా వైపు చూశాడు. కొత్త ఉద్యోగం, కొత్త చదువు, కడిగి కడిగి తెల్లబడ్డ చేతులు, నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "బాపు, మా ల్యాబు మొక్కలు పెడదాం. అన్నీ ఒక్క తీరుగ పెరుగుతయి, ఒక్కసారే గెలలేస్తయి. నేను చూసుకుంట" అన్నాను. బాపు రెండు రోజులు ఆలోచించి మామతో, "బిడ్డ చూసుకుంట అంటున్నది గద" అన్నాడు. మా బాపు పొదుపుగా మాట్లాడే మనిషి. ఆ ఒక్క మాటతో రెండెకరాలూ ఎత్తి నా నెత్తిన పెట్టాడు.

మొక్కలు ట్రాలీ ఆటోలో దిగిన రోజు చూడటానికి సగం ఊరు వచ్చింది. జానెడు కూడా లేని మొక్కలు, నాలుగైదు ఆకులు. ఎవరో, "గీ గడ్డిపోసలకా ఇంత లొల్లి?" అన్నారు. మామ ఒక మొక్కను వేలితో మీటి చూసి, "కోడలా, ఇవి పెరిగేలోపు విమానాలు బంద్ అయితయేమో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి ఎందుకో రెండుసార్లు లేచి వెళ్లి ట్రేలు లెక్కపెట్టుకుని వచ్చాను.

అది భయమని తేల్చింది సబ్బు మేడం. మొక్కలు నాటి, అవి మోకాలెత్తు ఎదిగి, ఊళ్లో నవ్వులు కూడా సద్దుమణిగాక, ఒక మధ్యాహ్నం టిఫిన్ బాక్సుల దగ్గర ఆవిడ మాటవరసకు అంది, "గింజ నుంచి వచ్చిన మొక్కల్లో ఏ రెండూ ఒకలా ఉండవమ్మా. ఒకటి జబ్బుకు లొంగితే ఇంకోటి తట్టుకుంటుంది. మన అరట్లు అలా కాదు. పిలక అయినా, సీసా అయినా, అన్నీ ఒకే మొక్క ముక్కలు. ఒకదానికి ఎండు తెగులు వచ్చిందంటే మిగతావాటికి రాకపోవడానికి కారణమేమీ ఉండదు. పైగా అది మట్టిలో ఉంటుంది. ఒకరి చెప్పుకు అంటుకుని వస్తే చాలు." అలా చెప్పి ఆవిడ పప్పన్నంలో నెయ్యి కలుపుకుంది. నేను నా బాక్సుకు మూత పెట్టేశాను. అన్నీ ఒక్క తీరుగా పెరుగుతాయని బాపుకు చెప్పింది నేనే. అన్నీ ఒక్క తీరుగా చస్తాయన్న సంగతి ఆ క్షణం దాకా నాకే తట్టలేదు.

ఇక మా పొలం దవాఖాన అయిపోయింది. గట్టు మొదట్లో ఒక టబ్బు పెట్టి, అందులో బ్లీచింగ్ నీళ్లు పోశాను. ఎవరు రావాలన్నా చెప్పులు బయట విడిచి, ఆ నీళ్లలో కాళ్లు ముంచి, నేను చూస్తుండగా పాదాలు రుద్దుకుని రావాలి. గొడ్డలి, పార, గడ్డపార అన్నిటికీ స్నానం. పక్క చేను మేక ఒకటి అలవాటుగా వస్తే దాని నాలుగు కాళ్లూ కడిగించాను (అది నన్ను మళ్లీ ఎప్పుడూ నమ్మలేదు). మామ వచ్చినప్పుడు టబ్బు చూపించాను. ఆయన ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, నీళ్లలో నిలబడి, గొంతు పెంచి అందరికీ వినపడేలా, "కాళ్లు కడుగుతున్నవేందే కోడలా, నేనేమన్నా పెండ్లికొడుకునా?" అన్నాడు. గట్టు మీద వాళ్లంతా పడీ పడీ నవ్వారు. నేను మాత్రం ఆయన కాలి వేళ్ల సందుల్లో మట్టి పోయిందా లేదా అని చూస్తున్నాను.

మొక్కలు నడుమెత్తు వచ్చాయి. ఆకులు విచ్చుకుని, పైనుంచి విమానం పోయినప్పుడల్లా దాని నీడ వాటి మీద నుంచి జారిపోతుంటే చూడముచ్చటగా ఉండేది. ఇక పర్వాలేదేమో అని గుండె కాస్త కుదుటపడిన సమయంలోనే, ఒక పొద్దున మొదటి సాలులో, దారి పక్కనే ఉన్న మొక్క అడుగు ఆకు అంచు పసుపురంగుకు తిరిగి కనిపించింది. వంగి చూశాను. పక్క మొక్కకూ ఉంది. దాని పక్కదానికీ ఉంది. అంచుల నుంచి లోపలికి పసుపు, చివర్లలో మాడిపోయిన గోధుమరంగు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే. ఆ సాలు చివరి దాకా వంగి వంగి చూసుకుంటూ వెళ్లాను, అన్నిటికీ ఉంది. దారి పక్క సాలుకే వచ్చిందంటే తెగులు ఎవరి కాళ్లకో అంటుకుని లోపలికి వచ్చిందన్నమాట. టబ్బు ఓడిపోయింది. ఇక రెండో సాలు, మూడో సాలు, చివరి గట్టు దాకా ఆగదు. తర్వాత ఆ మట్టిలో ఏళ్ల తరబడి అరటి పెట్టకూడదు. పుస్తకంలో ఆ వాక్యం కింద నేనే గీత గీసుకున్నాను.

బాపుకు చెప్పాను. ఆయన వచ్చి ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. "ఎన్నిటికి?" అన్నాడు. "ఇప్పటికి ఒక్క సాలుకు" అన్నాను. "సరే, తిని పో, బస్సు పోతది" అని పొలం పక్కనే ఉన్న మా ఇంటి వెనక్కి నడిచాడు. నీళ్ల బాటిల్ కోసం నేనూ అటు వెళ్లాను. బాపు గోడకు ఆనుకుని ఫోన్లో మామతో మెల్లగా మాట్లాడుతున్నాడు. "గా పార్కింగోళ్లు ఇంక అడుగుతున్నరా... లేదు లేదు, ఊకెనే అడుగుతున్న. బిడ్డకు చెప్పకు." నేను బాటిల్ తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాను. ఆయన నన్ను తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ "చెప్పకు" అన్న మాటకు ఏడుపు కూడా రాలేదు.

జబ్బుపడ్డ మొక్కల్లో చిన్నదాన్ని ఒకటి వేళ్ల చుట్టూ మట్టితో సహా పెకలించి, పెద్దాకులు కోసేసి, ఒక కవర్లో పెట్టి, ఆ కవర్‌ను ఇంకో కవర్లో పెట్టి, మట్టి రేణువు కూడా రాలకుండా పైన అమ్మ పాత చీర చుట్టి బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో హత్తుకుని కూర్చున్నాను. గగన్‌పహాడ్ దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయింది. పక్క సీటులో ఉన్న ఆవిడ చాలాసేపటి నుంచి నా ఒళ్లోకి చూస్తోంది. చివరికి ఉండబట్టలేక, "మొకం మీద గుడ్డ జర తియ్యరాదమ్మా, పిల్లకు ఊపిరాడదు" అంది.

"తియ్యొద్దక్కా" అన్నాను, మూటను ఇంకా గట్టిగా హత్తుకుని. "తీస్తే అందరికి అంటుకుంటది."

ఆవిడ లేచి డ్రైవర్ వెనక్కి వెళ్లి నిలబడింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు కూడా లేచారు. అంత రద్దీ బస్సులో బుద్వేల్ దాకా ఒక సీటంతా నా ఒక్కదానికే దొరకడం అదే మొదలు, అదే చివర.

సబ్బు మేడం మూట చూడగానే, "లోపలికి తేవద్దు" అని షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. కాండాన్ని కత్తితో నిలువునా చీల్చింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎండు తెగులైతే లోపల ఎర్రటి చారలు ఉండాలి. "కళ్లు తెరువమ్మా" అంది. తెరిచాను. లోపల కొబ్బరి ముక్కలా తెల్లగా ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క చార లేదు. మేడం మొక్క వేళ్లకు అంటుకున్న మట్టిని చేతిలోకి తీసుకుంది. దగ్గరగా తెచ్చుకుని వాసన చూసింది. మళ్లీ చూసింది. అందులోంచి ఏదో ఎండిన ఆకును రెండు వేళ్లతో తీసి వెలుతురులో పెట్టింది.

"ఇదేమిటి?"

"ఆకు... కరివేపాకు లాగా ఉంది మేడం."

"లాగా కాదు, కరివేపాకే. తాలింపులో వేగింది కూడా. అమ్మాయ్, మీ పొలంలో అరటి మొదట్లో ఉప్పు మజ్జిగ ఎవరు పోస్తున్నారు?"

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్లేసరికి నాయనమ్మ దొరికిపోయింది. కుండ చంకలో, గరిటె చేతిలో. మొదటి సాలులో మూలుగుతూ వంగి ఒక్కో మొక్క మొదట్లో గరిటెడు గరిటెడు పోస్తోంది. టబ్బులో కాళ్లు ముంచుకుని మరీ వచ్చింది (నా రూలు తు.చ. తప్పకుండా పాటించిన మనిషి ఊరు మొత్తం మీద ఆవిడ ఒక్కతే). నేను అరిచిన అరుపుకు గరిటె కిందపడింది.

"ఏం పోస్తున్నవ్ నాయనమ్మా?"

"ఏమున్నదే, గంజిల జరంత సల్ల కలిపిన."

"ఎందుకు?"

"ఎందుకంటవేందే? తల్లిపాలు ఎరుగని పిల్లలు గద! ఉత్త బోరు నీళ్లు తాగి ఎట్ల బతుకుతయి? దినాం పోస్తున్న. నాకు నడుమొంగక ఈ ఒక్క సాలుకే పోస్తున్న గని, లేకుంటే అన్నిటికి పోద్దును."

"మరి ఉప్పెందుకేసినవ్?"

నాయనమ్మ నా వైపు జాలిగా చూసింది. "ఉప్పు లేకుంటే ఎట్ల తాగుతరే?"

బాపు నా వెనకాల నిలబడి అంతా విన్నాడు. ఆయన నవ్వడం నేను చాలా తక్కువగా చూశాను. ఆ రోజు గట్టు మీద కూర్చుని, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. నేను మాత్రం నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా నాయనమ్మను వాటేసుకుని, ఆమె నడుము వంగలేదని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ సాలుకు వారం పాటు నిండా మంచినీళ్లు వదిలి ఉప్పు దిగేలా కడిగాం. మాడిన ఆకులు మాడినట్టే పోయాయి గానీ, పైనుంచి కొత్త ఆకు చుట్ట విప్పుకుంటూ పచ్చగా వచ్చింది. బాపు మామకు మళ్లీ ఫోన్ చేసినట్టున్నాడు. ఆ పార్కింగోళ్లు తుక్కుగూడ వైపు ఇంకెవరిదో జాగా చూసుకున్నారని తర్వాత తెలిసింది. ఇంత జరిగాక నా భయం పోయిందని మీరు అనుకుంటే పొరపాటు. గెలలు వేసే దాకా గాలికి భయపడ్డాను, వేశాక బరువుకు భయపడి ప్రతి చెట్టుకూ కర్ర ఆనించాను. టబ్బును కూడా తీయలేదు.

మొదటి గెల పండిన రోజు నాయనమ్మకు ఒక పండు ఇచ్చాను. ఆవిడ ఒలిచి నోట్లో పెట్టుకోకుండా, కత్తిపీట మీద అడ్డంగా చక్రాల్లా కోసింది. మధ్యలో చిన్న చిన్న నల్లటి చుక్కలు కనిపించాయి. "గింజలు లెవ్వంటివి? గివి ఏందే మరి?" అంది.

"అవి గింజలు కావల్సినవి నాయనమ్మా. కాలేదు."

ఆవిడ చక్రాలను అరచేతిలో పెట్టుకుని, ఆ చుక్కలను గోటితో ఒక్కొక్కటే తీసి కొంగున ముడేసుకుంది. మర్నాడు పొద్దున నేను బ్రష్ నోట్లో పెట్టుకుని పెరట్లోకి వెళితే, బట్టలుతికే బండ పక్కన కూర్చుని మట్టిని అరచేత్తో మెల్లగా అదుముతోంది. "ఏం చేస్తున్నవ్?" అంటే, "ఏం లేదు తియ్" అని చేతులు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది.

అవి మొలవవు. ఎందుకు మొలవవో ఆ ఇంట్లో వివరంగా చెప్పగలిగింది నేనొక్కదాన్నే. అయినా ఆ నెలంతా పొద్దున్నే బ్రష్ పట్టుకుని ఆ బండ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేదాన్ని. ఒక రోజు బాపు మొహం కడుక్కుంటూ అటే చూస్తూ నాకు దొరికిపోయాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. ఏమీ మొలవలేదు. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. రాని తెగుళ్లన్నిటికీ వణికిపోయిన ఆ పిల్ల, రాదని తనకు కచ్చితంగా తెలిసిన ఒక్క మొలక కోసం మాత్రం ఏ భయమూ లేకుండా రోజూ వెళ్లి చూసొచ్చింది.